నలుగురి కాగితాలు: చెప్పుకోలేని పొక్కులు

పాఠక సోదరులకూ, సోదరీమణులకూ ముందుగా ఒక మనవి. ఈ నెల రాయబోయే సంగతి భోజనాల దగ్గర పైకి చదివి వినిపించదగినది కాదు. అట్లాగని పత్రికను చాప కిందికి తోసివేయదగినదీ కాదు. పెళ్లీడు పిల్లలున్నవారూ, పిల్లల పెళ్లిళ్లు చేసి బాధ్యత తీరిందని ఊపిరి పీల్చుకున్నవారూ కూడా, కాస్త తలుపు దగ్గరగా వేసుకుని చదవవలసిన సంగతి అని నా ఉద్దేశం.

నారాయణపట్నలో నాబోటి రెండు భాషల గుమాస్తా బతుకు ఎట్లాంటిదో మీకు తెలియనిది కాదు. ఒడియాలో రాయాలి, తెలుగులో విప్పి చెప్పాలి, ఇంగ్లీషులో ఉన్నదాని కింద సంతకం పెట్టించాలి. భూమి పట్టాలూ, బ్యాంకి నోటీసులూ, పిల్లల కాలేజీ ఫారాలూ అయిపోయిన తరువాత ఆఖరున జేబులోనుంచి బయటికి వచ్చేవి మందుల చీటీలు. 1936 ఏప్రిల్ దాకా మన కొరాపుట్ అంతా విశాఖపట్నం జిల్లాలోదే గదా. జిల్లా మారి ఇన్నేళ్లయినా ఒళ్లు బాగాలేకపోతే మనవాళ్ల కాళ్లు పార్వతీపురం వైపో, విశాఖ పెద్దాసుపత్రి వైపో నడుస్తాయి. 2017లో కొరాపుట్‌లోనే షహీద్ లక్ష్మణ్ నాయక్ పేర వైద్య కళాశాల, ఆసుపత్రీ వచ్చాయి కనుక ఇప్పుడు అటుకూడా వెళ్తున్నారు. ఎటు వెళ్లినా, చీటీ మాత్రం మన బల్ల మీదికే వస్తుంది.

అట్లా వచ్చిన చీటీలలో ఒకటి మడతలు మడతలుగా, తావీజులో పెట్టినంత చిన్నగా మడిచి ఉన్నది. తెచ్చినవాడు ముప్ఫై లోపు కుర్రవాడు. బయట ఊళ్లో ఉద్యోగం. మా కుటుంబానికి కావలసినవాడే. ఊరూ, ఉద్యోగమూ, మరి రెండు మూడు ఆనవాళ్లూ ఇక్కడ మార్చి రాస్తున్నాను. రాయమని అతనే అన్నాడు కనుక రాస్తున్నాను. "బాబాయిగారూ, దీనిమీద ఏం రాశారో చదవండి. ఇది ఎన్నాళ్లు వాడాలో రాశారా?" అని అడిగాడు. చీటీ మీద రాసి ఉన్నది ఎసైక్లోవిర్ 400 మిల్లీగ్రాములు, రోజుకు రెండు, ఆరు నెలలు, తరువాత చూపించుకోవాలి అని. పైన జబ్బు పేరు రెండు మాటల్లో ఉంది. మర్మస్థానాల్లో వచ్చే హెర్పీస్ అన్నమాట. నేను చదివి చెప్పాను. అతను తల దించుకుని, "మాఘమాసంలో ముహూర్తం పెడతామంటున్నారండీ" అన్నాడు.

అప్పటినుంచి ఈ జబ్బు గురించి దొరికినదల్లా చదివాను, ఎరిగిన వైద్యులను అడిగాను. మెట్రిక్యులేషన్‌తో ఆగిన చదువు నాది. డాక్టర్లు చెప్పేది మోసుకుని మీదాకా తేవడమే నా పని. వైద్యం చెప్పడం కాదు.

పేరు దగ్గరే మొదలుపెడదాం. మన తెలుగులో సర్పి అని ఒక మాట ఉన్నది. నడుముకో రొమ్ముకో ఒక పక్కగా వరసగా పొక్కులు లేచి, మంటా పోటూ పెడితే పెద్దలు సర్పి అనేవారు. సర్పమనే మాటకూ దానికీ చుట్టరికం, పాకేది అని. హెర్పీస్ అనే గ్రీకు మాట అర్థం కూడా పాకడమే. భాషాశాస్త్రజ్ఞులు ఈ రెండు మాటలూ ఒక మూలంనుంచి వచ్చినవే అంటారు. ఎక్కడి గ్రీసు, ఎక్కడి జంఝావతి ఒడ్డు! ఒంటిమీద పాకే పొక్కును చూసిన మనిషికి అక్కడా ఇక్కడా ఒకటే తోచింది. అయితే ఇక్కడ ఒక చిక్కు. పేరు కలిసినా జబ్బు కలవదు. నడుముకు వచ్చే సర్పి, చిన్నప్పటి ఆటలమ్మ క్రిమే ఏళ్ల తరబడి ఒంట్లో నిద్రపోయి మళ్లీ లేవడం. ఈ కుర్రవాడికి వచ్చినది వేరు క్రిమి, హెర్పీస్ సింప్లెక్స్ అంటారు. అందులో రెండు రకాలు. మొదటిది చాలావరకు పెదవి మీద వస్తుంది. జ్వరం తగ్గిన మర్నాడు "మూతి పేలింది" అంటామే, అదే. రెండోది నడుము కిందికి చేరేది, దంపతుల కలయికలో అంటేది.

ఇది ఎంతమందికి ఉంటుందనుకుంటున్నారు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబరులో చెప్పిన అంచనా ప్రకారం 15కూ 49కీ మధ్య వయసువాళ్లలో 84 కోట్ల 60 లక్షలమందికి మర్మస్థానాల హెర్పీస్ ఉన్నది. అంటే ఆ వయసువాళ్లలో ఐదుగురికి ఒకరికంటే ఎక్కువ. మూతి పేలే రకం సంగతి చెప్పనే అక్కర్లేదు, 50 ఏళ్లలోపువాళ్లలో 380 కోట్లమందికి ఉన్నదట. మొదటి లెక్క నేను రెండుసార్లు చదువుకున్నాను. మన సంఘం వార్షికోత్సవంలో కుర్చీల వరసలు గుర్తుకు వచ్చాయి. లెక్క లోకమంతటిది, మన హాలుది కాదు. అయినా ఇది ఎవరో దారి తప్పినవాళ్ల జబ్బు, మన ఇళ్లకు రాదు అనే ధీమా మాత్రం నాకు పోయింది.

ఈ క్రిమి పద్ధతి ఇది. చర్మంలోని చిన్న గీర్పులోనుంచి లోపలికి వెళ్తుంది. అక్కడినుంచి నరం పట్టుకుని పైకి పాకి, వెన్నెముక అడుగున ఉన్న నరాల ముడిలో చేరి కూర్చుంటుంది. ఇక అక్కడినుంచి దాన్ని లేవగొట్టే మందు ఇంతవరకు లేదు. అడ్డుకునే టీకా కూడా లేదు. మొదటిసారి వచ్చినప్పుడు బాధ ఎక్కువ: జ్వరం, గజ్జల్లో బిళ్లలు కట్టడం, పొక్కులు చితికి పుళ్లవడం, మూత్రం పోస్తే మంట. రెండు మూడు వారాలు పడుతుంది. తరువాత నివురుగప్పిన నిప్పులాగా ఉంటుంది. జ్వరం తగిలినా, ఒళ్లు అలిసినా, ఆడవాళ్లకు నెలసరి దగ్గర పడినా, మనసు నలిగినా మళ్లీ రాజుకుంటుంది. తరవాతి రాకలు చిన్నవి, ఏళ్లు గడిచేకొద్దీ తక్కువవుతాయి కూడా. రాబోయేముందు అక్కడ చిమచిమలాడడం, తొడల్లో పోటూ ఉంటాయి. కొందరికి అసలు పొక్కులే తెలియవు. తెలియకపోయినా ఉండుండి క్రిమి చర్మం మీదికి వస్తూ ఉంటుంది, ఆ రోజుల్లో ఎదుటివారికి అంటగలదు. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

మన కొరాపుట్ మనుషులకు చర్మరోగమంటే ఒక అలవాటు ఉన్నది: సూది వేయించుకుంటే పోవాలి. ఆ నమ్మకం ఊరికే రాలేదు. యాస్ అనే పుండ్ల జబ్బు మన కొండల్లో పిల్లల కాళ్లను తినేసింది. సవాయి రోగం క్రిమికి అది దగ్గర చుట్టం, కాని కలయికతో కాక పిల్లల ఆటపాటల్లో చర్మానికి చర్మం తగిలి అంటేది. దేశంలో దాన్ని నిర్మూలించే పథకం 1996-97లో మొదలైనది మన కొరాపుట్ జిల్లాలోనే. ఒక్క పెన్సిలిన్ సూదితో లొంగింది. 2003 తరువాత కేసు లేదు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశానికి యాస్ లేదని ప్రకటించింది. అంత గొప్ప సూది చూసిన జిల్లాలో, "ఇది పోదు, అదుపులో ఉంటుంది" అని డాక్టరు చెబితే రోగికి నమ్మకం కుదరదు. పోగొట్టేవాడు ఎక్కడో ఉంటాడని వెతుకుతాడు. ఈ కుర్రవాడూ వెతికాడు. బస్‌స్టాండు గోడమీద "గుప్తరోగాలకు శాశ్వత నివారణ" అని చూసి వెళ్లాడు. మూడు నెలలు భస్మాలు తిన్నాడు, చేతిలో డబ్బులు పోయాయి, పొక్కులు వచ్చే వేళకు వచ్చాయి. సుఖవ్యాధులకు మందులిస్తామని ప్రకటనలు వేయకూడదని 1954లోనే చట్టం వచ్చింది. గోడలు మాత్రం చట్టం చదివినట్టు లేదు.

ఇక మాత్రల సంగతి. దీని వెనక ఒక కథ ఉన్నది, మనవాళ్లు వినదగినది. ఎసైక్లోవిర్ పుట్టినది గెర్ట్రూడ్ ఎలియన్ అనే ఆవిడ నడిపిన ప్రయోగశాలలో. 1918లో న్యూయార్క్‌లో వలస వచ్చినవాళ్ల ఇంట పుట్టింది. ఎమ్మెస్సీతో ఆగింది, డాక్టరేటు లేదు. 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. చదువు ఎక్కడ ఆగిందని ఎవరైనా నన్ను దెప్పినప్పుడు ఈవిడ పేరు చెబుతూ ఉంటాను. ఆ బహుమతి పంచుకున్న ఆవిడ పై అధికారి జార్జి హిచింగ్స్, హార్వర్డులో ఫిస్క్ అనే ఆచార్యుని దగ్గర శిష్యరికం చేసినవాడు. ఆ ప్రయోగశాలలోనే మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావుగారు పనిచేశారు. ఇది సుబ్బారావుగారి మందు అని నేను అనడం లేదు, చుట్టరికం దూరపుదే. ఐనా ఆ గది గాలి కొంత ఈ మాత్రలో ఉన్నదని అనుకుంటే నాకు సంతోషం.

మందు పనిచేసే తీరు కూడా తమాషాగా ఉంటుంది. మింగిన మాత్ర ఒంట్లో ఊరికే తిరుగుతూ ఉంటుంది, మంచి కణాల జోలికి దాదాపు పోదు. క్రిమి చొరబడిన కణంలో, ఆ క్రిమి తన పనికోసం తయారు చేసుకున్న ఒక పదార్థమే ఈ మందును నిద్రలేపుతుంది. లేచిన మందు క్రిమి పెంపకాన్ని ఆపేస్తుంది. దొంగ తెచ్చుకున్న కత్తితోనే దొంగ వేలు తెగినట్టు. అందుకే ఇన్నేళ్లుగా రోజూ వాడినా చాలామంది ఒంటికి పడుతున్నది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మోతాదు తగ్గించాలి కనుక ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. నీళ్లు బాగా తాగాలి.

వాడే పద్ధతులు రెండు. పొక్కు వచ్చినప్పుడల్లా నాలుగైదు రోజులు వాడడం ఒకటి. చిమచిమ మొదలైన రోజే వేసుకుంటే ఫలితం. పుండు పండిన తరువాత వేసుకుంటే తెల్లవారిన తరువాత దీపం. రెండోది రోజూ వాడడం. ఎసైక్లోవిర్ అయితే 400 చొప్పున రెండు పూటలా, దాని తమ్ముడు వాలాసైక్లోవిర్ అయితే 500 చొప్పున ఒక పూట, కొందరికి అంతకంటే ఎక్కువ. తరచు వచ్చేవారికి రోజూ వాడితే రాకలు 70, 80 వంతులు తగ్గుతాయని వైద్య గ్రంథాలు చెబుతున్నాయి. ఏటా ఒకసారి డాక్టరుతో కూర్చుని కొనసాగించాలో మానాలో చూసుకుంటారు.

"రోజూ మాత్ర అంటే రోగిష్టివాణ్ణి అయిపోయినట్టే గదండీ" అన్నాడు కుర్రవాడు. మన ఇళ్లలో రక్తపోటు మాత్ర వేసుకోని పెద్దవాడు ఎవడని అడిగాను. మా ఇంట్లో కాలెండరు మేకుకు సంచీ వేలాడుతుంది, అందులో ఇద్దరివీ నాలుగు రకాలు. ఆ సంచీకి సిగ్గు లేదు, ఈ మాత్రకు ఉన్నది. తేడా అంతే. అతను అద్దెగదిలో ఈ మాత్రల అట్టను బియ్యం డబ్బాలో దాచేవాడట. దాచినచోటు గుర్తులేక రెండు పూటలు తప్పిన రోజులూ ఉన్నాయట. సిగ్గు వల్ల తప్పే మోతాదులు మరుపు వల్ల తప్పే మోతాదులకంటే ఎక్కువని నాకు అనుమానం.

రోజూ వాడడం వల్ల తనకు సుఖం సరే, కట్టుకున్నవాళ్లకు? దీనికి మంచి పరీక్ష ఒకటి జరిగింది, ఫలితం 2004లో అచ్చయింది. ఒకరికి రెండో రకం హెర్పీస్ ఉండి, రెండోవారికి లేని 1484 జంటలను తీసుకున్నారు. జబ్బున్నవారిలో సగంమందికి రోజూ వాలాసైక్లోవిర్ 500, సగంమందికి ఉత్త మాత్ర, ఎనిమిది నెలలపాటు. ఉత్త మాత్ర వేసుకున్న 741 జంటల్లో 27 జంటల్లో రెండోవారికి అంటింది. అసలు మాత్ర వేసుకున్న 743 జంటల్లో 14కు అంటింది. అంటిన తరువాత పొక్కులు లేచి బాధపడినవారు ఉత్త మాత్ర వైపు 16 మంది, అసలు మాత్ర వైపు నలుగురే. ఇందులో రెండు సంగతులు చూడాలి. ఒకటి, మాత్ర ప్రమాదాన్ని సగానికి తెచ్చింది, సున్నకు తేలేదు. రెండు, మాత్ర లేనివారిలో కూడా ఎనిమిది నెలల్లో అత్యధికులకు అంటనే లేదు. నిరోధ్ వాడితే ఇంకొంత తగ్గుతుంది. కప్పని చర్మంనుంచి అంటే అవకాశం ఉన్నది కనుక పూర్తిగా పోదు. పొక్కులు ఉన్న రోజుల్లోనూ, చిమచిమ మొదలైన రోజునుంచీ దూరంగా ఉండవలసిందే. ఇన్ని కలిపితే సంసారానికి లోటు లేదు.

అయితే ఇవన్నీ చెయ్యాలంటే ముందు చెప్పాలి. మాత్ర ఎందుకు వేసుకుంటున్నాడో తెలియని భార్యకు, ఫలానా రోజు భర్త ఎందుకు దూరంగా ఉన్నాడో తెలుస్తుందా? వేరే అర్థం చేసుకుంటుంది.

ఇక్కడ మన సామెత అడ్డం వస్తుంది. వంద అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు. కుర్రవాడి మేనమామకు సంగతి తెలిసింది. ఆయన సలహా ఈ సామెతే. "పెళ్లయ్యాక మెల్లిగా తెలుస్తుందిలే, అప్పుడు ఎక్కడికి పోతుంది?" ఆ ఆఖరి మాట నాకు ఒంటికి పట్టలేదు. అబ్బాయి ఉద్యోగం పెద్దదిగా చెప్పడం, అమ్మాయి వయసు రెండేళ్లు తగ్గించడం ఆ వంద అబద్ధాల్లోకి వస్తే రావచ్చు. ఎదుటి మనిషి ఒంట్లోకి జీవితాంతం ఉండిపోయేదాన్ని పంపడం ఆ లెక్కలోది కాదు. ఆ అమ్మాయి ఒల్లు ఆ అమ్మాయిది. ఒప్పుకునేదీ ఒప్పుకోనిదీ తెలిసి తేల్చుకోవాలి గదా.

గుమాస్తాను కనుక సెక్షను కూడా చెబుతాను. 1955 హిందూ వివాహ చట్టం 13వ సెక్షనులో, అంటే సుఖవ్యాధి ఉండడం విడాకులకు కారణమని ఇప్పటికీ ఉన్నది. 12వ సెక్షను ప్రకారం ముఖ్యమైన సంగతి దాచి మోసంతో సమ్మతి తీసుకుంటే పెళ్లిని రద్దు చేయమని అడగవచ్చు. కుష్ఠు కూడా విడాకులకు కారణంగా ఉండేది. మందుతో నయమయ్యే జబ్బుకు ఈ శిక్ష ఏమిటని 2019లో తీసేశారు. సుఖవ్యాధి మాట అట్లాగే మిగిలింది. అది రాసిననాటికి ఎసైక్లోవిర్ లేదు. ఆ మాట ఉండాలో పోవాలో పెద్దలు ఆలోచించాలి. నాకు మాత్రం చట్టం భయంతో చెప్పడంకంటే మనిషి మీద గౌరవంతో చెప్పడం నచ్చుతుంది.

ఎట్లా చెప్పాలన్నది మేమిద్దరం కూర్చుని చాలాసేపు ఆలోచించాం. మధ్యవర్తి ద్వారా వద్దనుకున్నాం. నోట్లో నువ్వుగింజ నానని మధ్యవర్తి అతను. పెద్దలందరి ముందూ వద్దు. ఉత్తరం వద్దు, ఫోనులో సందేశం అసలే వద్దు. అవి చేతులు మారతాయి. అమ్మాయి అక్కగారింట్లో ఇద్దరూ విడిగా మాట్లాడుకునే వీలు చేసుకుని, డాక్టరు చీటీ జేబులో పెట్టుకుని వెళ్లాడు. చెప్పినది ఇంతే: "నాకొక జబ్బు ఉందండి. ప్రాణానికి భయం లేదు. పూర్తిగా పోదు. మీకు అంటే అవకాశం కొంత ఉంది, తగ్గించడానికి రోజూ మాత్ర వేసుకుంటున్నాను. ఇదిగో కాగితం, మీకు నమ్మకమున్న డాక్టరుకు చూపించండి. ఇప్పుడే జవాబు అక్కర్లేదు. వద్దంటే నేనేమీ అనుకోను." ఎవరివల్ల వచ్చిందని ఆమె అడిగింది. దాచలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక స్నేహం, అది అయిపోయిందని చెప్పాడు.

పదిహేను రోజులకు వాళ్లు వద్దన్నారు. అమ్మాయి తండ్రి వచ్చి, జాతకాలు మరొకరికి చూపించామండి, నప్పలేదన్నారు అని మర్యాదగా చెప్పి, కాఫీ తాగి వెళ్లారు. ఆ కుటుంబంనుంచి ఈ మాట ఇంతవరకు ఒక్క గడప దాటలేదు. మన వైపు సంబంధాల్లో ఇది సామాన్యమైన సంగతి కాదు. ఆ అమ్మాయి ఎక్కడున్నా చల్లగా ఉండాలి. కుర్రవాడు నెల రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మేనమామ "చూశావా" అన్నారు. ఏడాదిన్నర తరువాత మరొక సంబంధం. మొదటి పెళ్లి విడిపోయిన ఉపాధ్యాయురాలు. ఈసారి చెప్పడానికి ఆరు నిమిషాలు పట్టిందట, గడియారం చూసుకున్నాడు కాబోలు. ఆవిడ పిల్లలు పుట్టడానికి అడ్డమా అని అడిగింది, మాత్ర ఖర్చు నెలకు ఎంత అని అడిగింది, మీ అమ్మగారికి తెలుసా అని అడిగింది. మూడో ప్రశ్నకు మాత్రం అతని దగ్గర జవాబు లేదు. తరువాత అమ్మగారికి చెప్పారు, ఇద్దరూ కలిసి. పెళ్లయింది.

ఆవిడ మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే చెప్పాలి. పిల్లలు పుట్టడానికి అడ్డం కాదు. కాని గర్భిణీగా ఉన్నప్పుడు డాక్టరుకు తప్పక చెప్పాలి, భర్తకు మాత్రమే ఉన్నా సరే. ఎప్పటినుంచో ఉన్న తల్లివల్ల బిడ్డకు అంటడం చాలా అరుదు. ఆఖరు నెలల్లో కొత్తగా అంటితేనే ప్రమాదం ఎక్కువ, పుట్టిన బిడ్డకు ప్రాణం మీదికి రావచ్చు. అందుకని లేనివారిని ఆ నెలల్లో మరీ జాగ్రత్తగా కాపాడాలి. ఉన్నవారికి ముప్ఫైఆరో వారంనుంచి రోజూ మాత్ర ఇస్తారు. నొప్పులవేళ పొక్కులు కనిపిస్తే ఆపరేషను చేసి బిడ్డను తీస్తారు. మూతి పేలిన పెద్దలు పసిగుడ్డును ముద్దులాడడం కూడా మానాలి. బారసాలకు వచ్చిన అమ్మమ్మలకు ఇది చెప్పడం కష్టమే అనుకోండి.

ఇక పెళ్లయి చాలా ఏళ్లయినవారి సంగతి. ఇది ఇంకా పెద్ద చిక్కు. ఇరవై ఏళ్లు కాపురం చేసిన ఇల్లాలికి ఒకనాడు పొక్కులు లేచి, డాక్టరు హెర్పీస్ అన్న ఇల్లు ఒకటి నేనెరుగుదును. భర్త నిప్పులు తొక్కాడు, అన్నదమ్ములను పిలిపించారు, ఆవిడ రెండు రోజులు అన్నం ముట్టలేదు. తరువాత ఒక ఓపిక గల వైద్యుడు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. క్రిమి ఒంట్లో చేరిన ఎన్నో ఏళ్లకు మొదటి పొక్కు కనిపించవచ్చు. భర్తకు ఎన్నడూ పొక్కు రాకుండానే క్రిమి ఉండవచ్చు. మూతి పేలే రకం కూడా దంపతుల మధ్య పెదవినుంచి కిందికి చేరవచ్చు. ఆ రకం చిన్నతనంలో తల్లి ముద్దుతో వచ్చేదే. కనుక ఈ పొక్కును చూసి ఎవరు ఎప్పుడు తెచ్చారన్నది ఏ డాక్టరూ తేల్చలేడు. ఏ పరీక్షా తేదీ వెయ్యదు. ఆ మాటతో ఆ ఇల్లు నిలిచింది. ముందే ఆ మాట తెలిసి ఉంటే ఆవిడ రెండు రోజుల పస్తు తప్పేది.

పరీక్ష అన్నాను కనుక ఒక ముక్క. పుండు పచ్చిగా ఉన్నప్పుడు దూదిపుల్లతో తుడిచి చేసే పరీక్ష మేలు. రక్తపరీక్ష కొన్నిసార్లు లేనిదాన్ని ఉన్నదని చూపిస్తుంది; ఏ బాధా లేనివాళ్లందరికీ అది చేయించడం మంచిది కాదని వైద్యులంటారు. పెళ్లికి ముందు ఇరువైపులా రక్తం తీయించి ఆ కాగితాలు జాతకాల పక్కన పెడదామన్న పెద్దలు ఇది గమనించాలి. రెండో రకం హెర్పీస్ ఉన్నవారికి హెచ్.ఐ.వి. అంటే ప్రమాదం సుమారు మూడింతలు కనుక, హెచ్.ఐ.వి., సవాయి రోగాల పరీక్షలు మాత్రం తప్పక చేయించుకోవాలి.

ఎక్కడికి వెళ్లాలి? గోడమీది చిరునామాకు కాదు. జిల్లా ఆసుపత్రుల్లోనూ వైద్య కళాశాలల్లోనూ సురక్షా క్లినిక్ పేరున ప్రభుత్వం విడిగా ఒక గది నడుపుతుంది. అక్కడ సలహా చెప్పే మనిషి వేరే ఉంటారు, తలుపు వేసి మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. మందులు రంగుల పొట్లాల్లో ఇస్తారు. హెర్పీస్‌ది ఐదో నంబరు, ఎర్ర పొట్లం. అందులో వారం రోజులకు 21 ఎసైక్లోవిర్ మాత్రలు. రోజూ వాడే ఏర్పాటు డాక్టరుతో వేరే మాట్లాడుకోవాలి. అంత దూరం వెళ్లలేనివారు 1097 నంబరుకు ఫోను చేయవచ్చు, అది హెచ్.ఐ.వి. కోసం పెట్టిన ఉచిత ఫోను. పేరు చెప్పనక్కర్లేదు, సుఖవ్యాధుల గురించి అడిగినా జవాబిస్తారు. స్వాతి వారపత్రికలో సమరం గారి జవాబులు అట్ట మధ్యలో దాచుకుని చదివిన తరం మాది. అప్పుడు అడగడానికి విజయవాడకు ఉత్తరం రాయవలసి వచ్చేది.

చీటీ చదివించుకోవాలంటే నా బల్ల దగ్గరికి రావచ్చు. సాయంత్రం ఐదు దాటాక గదిలో ఎవరూ ఉండరు. ఒడియాలోవీ, ఇంగ్లీషులోవీ చదివి చెబుతాను, కాగితం తిరిగి మీ చేతికే ఇస్తాను, నకలు ఉంచుకోను. మందు ఎంత వేసుకోవాలని మాత్రం నన్ను అడగవద్దు.

వచ్చే నెల, పట్టాల్లో మన ఇంటిపేర్లను ఒడియాలో ఎన్ని విధాలుగా రాశారో, వాటిని దిద్దించుకోవడానికి ఏ దరఖాస్తు పెట్టాలో రాస్తాను. రెండు నెలలనుంచి అడుగుతున్నవారు క్షమించాలి.